చిత్తుప్రతి మీది తేదీ

ఆ వీధిలో అతన్ని అందరూ పళ్ళాయన అంటారు. అలాగని పళ్ళ డాక్టరు కాదు. డాక్టరు నోళ్ళు చూసి ఫీజు పుచ్చుకుంటాడు. ఇతను నోళ్ళు చూడకుండానే కట్టుడు పళ్ళు చేస్తాడు. పళ్ళ ఆసుపత్రి వెనకవైపు మెట్లెక్కితే అతని ల్యాబ్, పొడుగాటి గది ఒకటి, గోడ పొడవునా బల్ల, బల్లమీద ఎవరెవరివో దవడల అచ్చులు బారులు తీరి ఉంటాయి. ప్లాస్టరు పచ్చిగా ఉండగానే ప్రతి అచ్చు కిందా మనిషి నంబరూ తేదీ గీకాలి. మరిచిపోతే ఒకరి పళ్ళు ఇంకొకరి నోట్లో పడతాయి. ముప్ఫై ఏళ్ళు గీకగా గీకగా ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, సామాన్ల చీటీ రాసినా పైన తేదీ వేయందే అతని చెయ్యి ముందుకు సాగదు.

ఇంత చేసినా అతనికి పేరు తెచ్చింది పళ్ళు కాదు, బ్లాగు. పదకొండేళ్ళ కిందట ‘పొద్దుపోని కబుర్లు’ అని మొదలుపెట్టాడు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా టపా పడాల్సిందే. నెట్టులో వారమంతా ఏరుకొచ్చిన వింతలు మూడు, చివర సొంత ముచ్చట ఒకటి. వింతలంటే మరేం లేదు. పైకెళ్ళే ఎస్కలేటరు మీద నాలుగు నిమిషాలపాటు కిందికి నడుస్తూ ఉన్నచోటే ఉండిపోయిన మేక. ‘ఈ గది తాళంచెవి గది లోపల దొరుకును’ అని తలుపుకి అంటించిన కాగితం. చనిపోయినవారు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలని అడిగే దరఖాస్తు. ఏది ఎవరు తీశారో, అసలు జరిగిందో కల్పించారో అతను ఎన్నడూ కనుక్కోలేదు. నవ్వొచ్చిందా లేదా, అంతవరకే అతని లెక్క.

ఈలోగా లోకం బ్లాగులు వదిలేసి వీడియోల వెంట పడింది. తోటి బ్లాగర్లు ఒక్కొక్కరే కొట్టు కట్టేశారు. ఇతను మాత్రం తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని కూర్చున్నాడు. పాఠకులు నాలుగు వందల నుంచి తొంభైకి, తొంభై నుంచి ముప్ఫై ఒకటికి దిగారు. ఆ ముప్ఫై ఒకటిలో తన ఫోనూ ల్యాబ్ కంప్యూటరూ కలిసే ఉన్నాయని అతనికి తెలుసు. సరిగ్గా ఆ రోజుల్లో అక్క కలిసొచ్చింది.

అక్క అతనికన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని ఇప్పటికీ ‘చంటీ’ అనే పిలుస్తుంది. టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఊళ్ళో సగం నంబర్లు పుస్తకం తెరవకుండా చెప్పేది. భర్త పోయాక కూతురితో, రెండు వీధుల అవతల ఉంటోంది. తల్లి ఫోన్లు కలిపి బతికితే, కూతురు ఫోన్లో జనం తిట్లు విని బతుకుతోంది. ఏదో కంపెనీలో ఫిర్యాదుల విభాగం. పొద్దున ఏడింటికి పోతే తిరిగి రావడం సాయంత్రం దాటాకే. అందుకే ఆ పిల్ల మేనమామని ఒకటే కోరింది, పగటిపూట అమ్మని ఒక కంట కనిపెట్టి ఉండమని. అదెంత భాగ్యం, నాకు మాత్రం అక్క కాదా అన్నాడు పళ్ళాయన.

అక్క నోరు మొదటినుంచీ పదునే. ‘మా ఇంటి గడియారం కరెక్టేరా, కాలమే తొందరపడుతోంది’ అని ఒకసారి అంది. పక్కింటావిడ గొంతు గురించి, ‘ఆవిడకి ఫోనెందుకు, కిటికీ చాలు’ అంది. అవి రెండూ టపా చివర పెడితే, ఎన్నాళ్ళుగానో ఉలుకూ పలుకూ లేని పాఠకులు లేచి వ్యాఖ్యలు రాశారు. ఇంకేం, ‘అక్క ఉవాచ’ అని ఒక శీర్షిక వెలిసింది. ముప్ఫై ఒకటి రెండు వందలైంది, రెండు వందలు ఆరు వందలైంది. మేకలూ తాళంచెవులూ మూలపడ్డాయి. జనం తిన్నగా కిందికి దిగి, అక్కని చదువుకుని, నవ్వుకుని పోయేవారు. అక్క కూడా కూతురి చేత చదివించుకుని, వీడు నన్ను నలుగురిలో నిలబెట్టాడే అని మురిసేది.

తర్వాత్తర్వాత అక్క ఏమందో కాక, ఏం చేసిందో రాయసాగాడు. కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. టీవీ రిమోటు చెవి దగ్గర పెట్టుకుని హలో అంది. నడుస్తూ నడుస్తూ గడప దగ్గర ఆగిపోయి, ‘నేల నన్ను వదలనంటోందిరా’ అంది. అక్క వేసే జోకులు ఎక్కడ ఆగాయో, అక్క మీద జోకులు ఎక్కడ మొదలయ్యాయో చదివేవాళ్ళకి తెలియలేదు. రాసేవాడికీ తెలియలేదు. తెలుసుకునే తీరిక లేదంటే ఇంకా నిజం. వదినగారి నడక చూస్తే నాకెందుకో మనసు ఒప్పడం లేదని భార్య ఒకసారి నసిగితే, వయసన్నాక కాళ్ళు లాగవా అని ఆవిడ నోరు మూయించాడు.

అతని పనితీరులో ఇంకో మెలిక ఉంది. అక్క సంగతుల్ని జరిగిన వారమే టపాకెక్కించేవాడు కాదు. ల్యాబ్‌లో భోజనాల వేళ, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ‘చిత్తు’ అనే ఫోల్డర్లో వేడివేడిగా రాసిపెట్టేవాడు. ఒకే వారం మూడు మంచివి దొరికితే ఒకటి వాడి రెండు దాచేవాడు. సరుకు దొరకని వారాల్లో అవే ఆదుకునేవి. వాడేముందు చెక్కి, నున్న చేసి, కావలిస్తే రెండు పళ్ళు ఎక్కువ పెట్టేవాడు. ఈపాటికి పాఠకుల నాడి అతనికి చిక్కింది. ముందు నవ్వించాలి, చివర కళ్ళు కాస్త చెమ్మగిల్లాలి. ‘మీలాంటి తమ్ముడు ఇంటికొకడు ఉండాలి సార్’ అని ఎవరో రాస్తే, ఆ వ్యాఖ్యని రోజుకి నాలుగుసార్లు తెరిచి చూసుకున్నాడు. భార్య చేతి కాఫీ చల్లారినా పట్టించుకోలేదు.

అలా ఉండగా అక్క స్నానాల గదిలో జారి పడింది. మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు కట్టు కట్టి, ఆవిడ లేచి తలుపు దాకా నడిచిన తీరు చూసి, చెయ్యి సంగతి నేను చూసుకుంటాను గానీ ముందు తల చూపించండి అని మెదడు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. మేనకోడలు సెలవు పెట్టింది. పళ్ళాయన ల్యాబ్‌లో చెప్పి వెంట వెళ్ళాడు.

డాక్టరమ్మ స్కాన్ పటాలు వెలుతురుకి పెట్టి చూసి, మెదడులో నీరు పేరుకుంటోందని చెప్పింది. పెద్దవయసులో కొందరికి ఇలా వస్తుందట. సన్నటి గొట్టం వేసి ఆ నీటిని కిందికి దించే ఆపరేషను ఉందట. అయితే ఎంత ఫలితం ఉంటుందనేది జబ్బు ఎప్పుడు మొదలైందన్న దానిమీద ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది నెలల్లోపైతే నడకా, మతీ చాలావరకు తిరిగొస్తాయని ధైర్యంగా చేయొచ్చు. ఏడాది దాటి ఉంటే నడక కొంత బాగుపడుతుందేమో గానీ, పోయిన మతి తిరిగి రావడం అరుదు. అప్పుడు ఈ వయసులో తలకి కోత పెట్టాలా వద్దా అన్నది ఇంటివాళ్ళు కూర్చుని ఆలోచించుకోవాలి. కాబట్టి నాకు ముందు ఆ ఒక్కటీ తేల్చండి, అంది ఆవిడ.

కూతురికి తెలియదు, పగలంతా ఇంట్లో ఉండే మనిషి కాదు. అక్కని అడిగితే, నాకేమొచ్చింది, గుండ్రాయిలా ఉన్నాను అంది. అప్పుడు మేనకోడలు సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్లమీద పెట్టింది. ‘అక్క ఉవాచ’, మొదటి నుంచీ చివరిదాకా, ఎనభై తొమ్మిది ముచ్చట్లు. ఆఫీసులో ప్రింటు తీసుకొచ్చింది.

“తేదీలతో సహా అన్నీ ఇందులో ఉన్నాయండీ. మా మావయ్య రాస్తాడు,” అంది. అప్పటికి ఆ గొంతులో ఇంకా గర్వమే ఉంది.

పళ్ళాయన తన పాఠకుల్ని చదువుతుండగా ఎప్పుడూ చూడలేదు. మొదటిసారి ఒక పాఠకురాలు ఎదురుగా కూర్చుని చదువుతోంది. మనసుకి సిగ్గుండదు, అంత ఆపదలోనూ ఆవిడ ఎక్కడ నవ్వుతుందా అని ఎదురుచూసింది. ఫ్రిజ్‌లో కళ్ళజోడు దగ్గర నవ్వలేదు. రిమోటు దగ్గర నవ్వలేదు. పెన్సిలు తీసి గీతలు గీస్తూ, పక్కన చిన్న చిన్న అక్షరాలు వేస్తూ పోయింది. నేల వదలనన్న చోట ఒక గీత. ‘మా అక్కకి ఈమధ్య బాత్రూము మీద మమకారం పెరిగింది, వచ్చిన ఐదు నిమిషాలకే మళ్ళీ బెంగ పెట్టుకుంటోంది’ అన్నచోట రెండు గీతలు. మధ్యలో ఒకటి రెండు పైకి చదివి, గుర్తుందా అమ్మా అని అక్కని అడిగింది. నవ్వింది అక్క ఒక్కతే. వీడు భలే రాస్తాడండీ, మీరూ చదువుతారా అంది.

నడక, మూత్రం, మరుపు, మూడూ కనిపిస్తున్నాయంది డాక్టరమ్మ. ఇన్నేళ్ళలో ఏ ఇంటివాళ్ళూ ఇంత వివరంగా రాసి తేలేదంది. మెచ్చుకోలు కాదు, ఉన్నమాట చెప్పింది. ఈ కాగితాలని బట్టి చూస్తే మొదటి గుర్తు కళ్ళజోడు, తొమ్మిది నెలల కిందటిది. అదే అయితే భయం లేదంది. మేనకోడలు గట్టిగా ఊపిరి వదిలింది. అంతలో డాక్టరమ్మ పెన్సిలు పక్కన పెట్టి పళ్ళాయన వైపు తిరిగింది.

“ఇవి నవ్వడానికి రాసినవి కదా. ఇందులో నిజంగా జరిగినవి ఎన్ని? ఈ తేదీలు జరిగిన రోజువేనా?”

పదకొండేళ్ళలో అతన్ని ఎవరూ అడగని ప్రశ్న. చాలావరకు జరిగినవేనని, కొన్ని కాస్త పెంచానని, ఒకటో రెండో అల్లి ఉంటానని నీళ్ళు నమిలాడు. తేదీలు మాత్రం టపా వేసిన తేదీలేనని, జరిగింది అంతకు ముందని ఒప్పుకున్నాడు. ఎంత ముందు అని అడిగింది ఆవిడ. చూడాలండీ అన్నాడు. మేనకోడలు తల తిప్పి అతని ముఖంలోకి చూసింది. శుక్రవారం మళ్ళీ రమ్మని, ఈలోగా ప్రతి ముచ్చట పక్కనా జరిగిందా, పెంచిందా, అల్లిందా రాసి, జరిగింది ఎప్పుడో వేసి తెమ్మని చెప్పి డాక్టరమ్మ ఇంకొక రోగిని పిలిచింది.

బయట వరండాలో అక్కని బల్లమీద కూర్చోబెట్టి మేనకోడలు అతని పక్కకి వచ్చింది. కోప్పడుతుందేమోనని చూశాడు. కోప్పడలేదు.

“రోజూ బస్సులో కూర్చుని నీ పాతవన్నీ చదువుకునేదాన్ని మావయ్యా. అమ్మ అలా చేసిందంటే మొదట గుండె ఝల్లుమనేది. మళ్ళీ, నువ్వు దగ్గరుండి నవ్వుతున్నావు కదా, ఏం ఫర్వాలేదులే అనుకునేదాన్ని.”

తిట్టినా బాగుండేది. తిట్లకి ఏదో ఒకటి బదులు చెప్పొచ్చు.

గురువారం మధ్యాహ్నం ల్యాబ్‌లో తోటివాళ్ళు భోజనానికి కిందికి దిగాక, తలుపు చేరవేసుకుని ‘చిత్తు’ తెరిచాడు. ప్రతి చిత్తుప్రతి మీదా మొదటి వరుసలో తేదీ ఉంది. పళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది? పక్కనే బ్లాగు తెరిచి పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూశాడు. రిమోటు టపాకి రెండు నెలల ముందుది. గడప దగ్గర ఆగిపోయింది మూడున్నర నెలల ముందుది. కళ్ళజోడు మాత్రం ఆ వారానిదే. మిగతా తేదీలు ఒక్కొక్కటీ వెనక్కి జరుగుతూ పోయాయి.

అల్లినవి ఒకటో రెండో కాదు, పదకొండు తేలాయి. వాటిని వరసగా చదివితే అప్పుడు కనిపించింది. అక్క చేసినట్టు రాసినవి అన్నీ జరిగాయి. కళ్ళజోడు, రిమోటు, నేల, బాత్రూము, ఒక్కటీ అబద్ధం కాదు. అల్లిందంతా తన గురించి. అక్క మందులు వారం వారం డబ్బాలో సర్దిపెట్టే తమ్ముడు. అక్క చెప్పుల పట్టీలు వంగి బిగించే తమ్ముడు. ఆదివారాలు అక్కని పార్కుకి నడిపించుకెళ్ళే తమ్ముడు. ఆ ఆదివారాలు అతను ఇంట్లో కూర్చుని వ్యాఖ్యలకి జవాబులు రాసుకున్నాడు. చదివిన ఆరు వందల మందీ ఆ తమ్ముణ్ణి చూసి మురిశారు. మేనకోడలు ఆ తమ్ముణ్ణి నమ్మే నిశ్చింతగా బస్సెక్కింది.

అన్నిటికన్నా పాతదాన్ని చివర తెరిచాడు. తెరవక ముందే అతనికి తెలుసు, అందులో ఏముందో. పైన పదిహేను నెలల కిందటి తేదీ ఉంది. కింద ఇలా ఉంది: ‘అక్క ఫోను చేసింది. కూరగాయల కొట్టు దగ్గర నిలబడ్డానురా చంటీ, మా ఇల్లు ఎటు అంది. ఆ కొట్టు నుంచి చూస్తే వాళ్ళ ఇంటి మేడ కనిపిస్తుంది. స్పీకరు పెట్టి ల్యాబ్‌లో మావాళ్ళకి వినిపించాను. ఎక్స్ఛేంజీకి ఫోను చేసి కనుక్కో అక్కా అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. పొయ్యిమీద కట్టుడు పళ్ళు అచ్చుల్లో ఉడుకుతున్నాయి, ఫోను పెట్టేశాను. గంటాగి చేస్తే, ఎవరో ఆడపిల్ల ఇంటిదాకా దిగబెట్టిందంది. గొంతు వణుకుతోంది. అక్కకి ఏదో అవుతోంది. అమ్మాయితో చెప్పి డాక్టరుకి చూపించాలి.’

ఆ ముచ్చటని ఎందుకో వెంటనే వాడబుద్ధి కాలేదు. పది నెలలు దాచాడు. ఐదు నెలల కిందట, బొత్తిగా ఏమీ దొరకని వారం, బయటికి తీశాడు. చివరి రెండు వాక్యాలు నవ్వుకి అడ్డమొస్తున్నాయని కొట్టేశాడు. పెట్టేసిన ఫోనూ దిగబెట్టిన ఆడపిల్లా కూడా పోయాయి. వాటి స్థానంలో, చేతిలో పని చేతిలోనే వదిలేసి పరిగెత్తానని, అక్క చెయ్యి పట్టుకుని ఇల్లు చేర్చానని, దారంతా తను నన్ను బడికి దింపిన రోజుల కబుర్లు చెబుతూనే ఉందని రాశాడు. బ్లాగు పుట్టాక దేనికీ రానన్ని వ్యాఖ్యలు దానికి వచ్చాయి.

అమ్మాయితో ఎందుకు చెప్పలేదు? ఆ మధ్యాహ్నం ఖాళీ ల్యాబ్‌లో కూర్చుని తనని తానే అడిగాడు. చెబితే అక్క జబ్బుమనిషి అయిపోతుంది. జబ్బుమనిషిని చూసి ఎవడు నవ్వుతాడు? ఇంత స్పష్టంగా ఆనాడు అనుకోలేదు. అనుకోకుండా ఉండడానికి మనిషి ఎన్ని తంటాలు పడతాడో అన్నీ పడ్డాడు, అంతే. తన మీద తనకి అసహ్యం వేసింది. ఆ అసహ్యాన్ని కూడా మంచి వాక్యంలో పెట్టబోయింది బుర్ర, అప్పుడు కంప్యూటరు కట్టేశాడు.

ఇంటికెళ్ళి భార్యతో చెప్పాడు. తిట్టదలుచుకుంటే ఆనాడు నసిగిన మాట ఎత్తి దెప్పొచ్చు, దెప్పలేదు. తర్వాత నెమ్మదిగా, ఆ రెండు వాక్యాలు మీరూ కంప్యూటరూ తప్ప ఎవరూ చూడలేదు కదండీ అంది. కళ్ళజోడు నుంచే మొదలైందనండి, తొమ్మిది నెలలనండి, ఆపరేషను చేస్తారు, వదినగారు లేస్తారు. ఆ పిల్లకి మనం తప్ప ఎవరున్నారు, మీ ముఖం చూడనంటే ఎక్కడికి పోతుంది? ఆవిడ చెడ్డమనిషి కాదు. ఉన్న కాస్త చుట్టరికం తెగిపోకూడదని ఆవిడ బాధ.

మాట బాగానే ఉంది. ఒకటే చిక్కు. తొమ్మిది నెలలని నమ్మి డాక్టరమ్మ తలకి కోత పెట్టి, అక్క మంచంలోంచి లేచి కూతుర్నే గుర్తుపట్టకపోతే? ఆ రాని మతికోసం ఆ పిల్ల ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటే? ఆపరేషను వద్దనుకునే హక్కు ఆ పిల్లది; అబద్ధం చెబితే దాన్ని దొంగిలించినట్టే. ఇంత తెలిసినా పళ్ళాయన వీరుడు కాదు. రెండు కాగితాలు రాశాడు. ఒకదాంట్లో పదిహేను నెలలు, చిత్తుప్రతి యథాతథంగా. రెండోదాంట్లో తొమ్మిది. మొదటిది కుడి జేబులో, రెండోది ఎడమ జేబులో పెట్టుకుని శుక్రవారం ఆసుపత్రికి వెళ్ళాడు. ఎటు చెయ్యి పోతే అటు అనుకున్నాడు పిరికివాడు.

గదిలో అక్క మధ్య కుర్చీలో, చెరో పక్కనా తమ్ముడూ కూతురూ కూర్చున్నారు. అక్క విరిగిన చేతికి కట్టు, రెండో చెయ్యి ఒళ్ళో. డాక్టరమ్మ తన దగ్గరున్న కాగితాలు తిరగేసి, ఒకచోట ఆగింది. అన్నిటికన్నా నాకు ముఖ్యం ఇది, దారి తప్పడం అంటే చిన్న గుర్తు కాదు, మీరు ఐదు నెలల కిందట వేశారు అని, ఆ టపా పైకి చదివింది. పని వదిలేసి పరిగెత్తిన తమ్ముడు. చెయ్యి పట్టుకున్న తమ్ముడు. దారి పొడవునా బడి కబుర్లు. చదవడం అయ్యాక, ఇది జరిగిందా అని అడిగింది.

పళ్ళాయన నోరు విప్పేలోపే అక్క అందుకుంది.

“ఎందుకు జరగలేదండీ. అదిగో ఆ కొట్టు దగ్గర నిలబడ్డాను, కాళ్ళు రావడం లేదు, ఏడుపొస్తోంది. అంతలో మా చంటిగాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇదిగో, ఇలా పట్టుకున్నాడు.”

బాగున్న చేత్తో అతని చెయ్యి పట్టుకుని డాక్టరమ్మకి చూపించింది. కళ్ళజోడు గుర్తులేదు, రిమోటు గుర్తులేదు, మొన్న పడ్డ సంగతీ గుర్తులేదు. ఇది మాత్రం కళ్ళకి కట్టినట్టు చెబుతోంది. కూతురు ఎన్నిసార్లు చదివి వినిపించిందో ఆ ముచ్చట. ముఖమంతా వెలిగిపోతోంది. మేనకోడలు కూడా ఆ వారంలో మొదటిసారి అతని వైపు మెత్తగా చూసింది. పోనీలే, ఆ రోజైనా ఉన్నాడు అన్నట్టుంది ఆ చూపు. ఊరుకుంటే చాలు. జేబులో చెయ్యి కూడా పెట్టనక్కర్లేదు.

“నేను రాలేదక్కా,” అన్నాడు.

మళ్ళీ అన్నాడు, ఈసారి డాక్టరమ్మతో.

“రాలేదండీ. ఫోను పెట్టేశాను. అది జరిగి పదిహేను నెలలైంది. అక్కకి బాగోలేదని నాకు ఆ రోజే తెలుసు.”

అక్క పట్టుకున్న చెయ్యి వదిలించుకోలేక రెండో చేత్తో తడుముకుని కుడి జేబులోంచి కాగితం తీశాడు. డాక్టరమ్మ అందుకునేలోపు మేనకోడలు అందుకుంది. మొదటి వరుస నుంచి చివరిదాకా చదివింది. చివరి రెండు వాక్యాల దగ్గర చాలాసేపు ఉండిపోయింది. ఆ తర్వాత కాగితాన్ని బల్లమీద బోర్లా పెట్టింది.

అక్క మాత్రం నవ్వేసింది. “వీడి మాటలు పట్టించుకోకండి డాక్టరుగారూ. చిన్నప్పటినుంచీ ఇంతే, అన్నీ వేళాకోళమే. ఎదుటివాళ్ళని ఏడిపించడానికి ఏదో ఒకటి అంటాడు,” అంది.

ఇద్దరూ రెండు రకాలుగా చెబుతున్నారు, నేను ఏది రాసుకోను అని డాక్టరమ్మ కూతుర్ని అడిగింది.

“పదిహేను నెలలని రాసుకోండి,” అంది మేనకోడలు. మావయ్య వైపు చూడలేదు. ఇప్పుడు మతి మాట ఎలాగూ లేదు కాబట్టి, నడక కోసమని కోత పెట్టించాలో లేదో మేం ఇంట్లో ఆలోచించుకుంటాం అంది. మేం అన్నప్పుడు తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

డాక్టరమ్మ రాసుకుంది. అక్క ఇంకా చెబుతూనే ఉంది, కొట్టు దగ్గర నుంచి గుమ్మం దాకా వాడు తన చెయ్యి ఒక్కసారి కూడా వదల్లేదని.